“టైపు కొట్టుడే నా పని”

2023 జూన్ 12, సోమవారం, ఉదయం పదిన్నర. సికింద్రాబాద్‌లోని ఒక మున్సిపల్ కార్యాలయంలో, జనన మరణాల నమోదు కౌంటరు వెనుక, ఆపరేటర్ స్వరూప పక్కన కూర్చుని నా ప్రశ్నాపత్రం తెరిచాను. మనిషిని కాక, ఆ మనిషి చేసే ఉద్యోగంలోని నైపుణ్యాన్ని, బాధ్యతను తూచి జీతపు గ్రేడు సూచించే పద్ధతిని జాబ్ ఎవాల్యుయేషన్ అంటారు. నా వృత్తి అదే. మా ఇంట్లో డిగ్రీ పట్టా పుచ్చుకున్న మొదటి మనిషిని నేను. కాగితం మీద రాసినదే మనిషిని కాపాడుతుందని గట్టిగా నమ్మేదాన్ని.

“మీరు స్వయంగా తీసుకునే నిర్ణయాలు ఏమిటి?” అని అడిగాను.

“ఏం లేవు మేడమ్. టైపు కొట్టుడే నా పని.”

“దరఖాస్తులో తప్పుంటే?”

“సార్ చూసుకుంటడు. గట్లనే రాసుకోండ్రి.”

అంతలో చిలకలగూడ నుంచి ఒక పెద్దాయన మనవరాలి సర్టిఫికెట్ పట్టుకుని వచ్చారు. “తల్లి పేరు తప్పు పడ్డది బిడ్డా. స్కూల్ల తీస్కుంటలేరు.”

స్వరూప కాగితాలన్నీ పక్కపక్కన పరిచి చూశారు. “తాతా, దవాఖాన కాయితంల తారీఖు సుత వేరే ఉన్నది. ఆడ్నుంచి లెటర్ తే, రెండూ ఒక్కసారే చేస్తా.”

“మళ్ల ఆటో ఎక్కాల్నా?”

“ఎక్కు. ఇయ్యాల పేరొక్కటే మారిస్తే ఇంక నాలుగుసార్లు ఎక్కుతవ్.”

ఆయన నవ్వుకుంటూ వెళ్లారు. తరువాతి దరఖాస్తు సక్రమంగా ఉంది. స్వరూప సొరుగు తెరిచి, ఆమె ‘సార్’ అన్న నమోదు అధికారి డిజిటల్ కీ తీసి కంప్యూటరుకు పెట్టారు. అధికారి సంతకంతో సమానమైన చిన్న పరికరం అది. నేను గమనించానని తెలియగానే సొరుగు మూసేశారు.

గ్రేడు పెంచగల పనిని ఎవరైనా ఎందుకు దాస్తారు? కౌంటరు కింద చేతులు మారేది ఏదో ఉండి ఉంటుందని అనుమానించాను. మూడు రోజులు అక్కడే కూర్చుని, ప్రతి ఆమోదం ఏ సమయంలో జరిగిందో, అధికారి సీటులో ఉన్నారో లేదో రాసుకున్నాను. ఆమె హ్యాండ్‌బ్యాగు మీద కూడా కన్నేసి ఉంచానని చెప్పుకోవడానికి ఈనాటికీ సిగ్గుగా ఉంది. అందులో టిఫిన్ డబ్బా తప్ప ఏమీ కనిపించలేదు. అధికారి సీటు మాత్రం చాలావరకు ఖాళీగానే ఉంది.

ముసాయిదాలో ఉన్నదున్నట్టు రాశాను: దరఖాస్తుల పరిశీలన, ఆమోదం ఆపరేటరే చేస్తున్నారు. రివాజు ప్రకారం ధ్రువీకరణ కోసం ఆ అధికారికే పంపాను. ఆమెకు మేలు చేశాననే అనుకున్నాను.

వారం తరువాత స్వరూప ఒక మెమో తెచ్చి నా ముందు పెట్టారు. అనుమతి లేకుండా అధికారి కీ వాడినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. లేదంటే ఔట్‌సోర్సింగ్ కాంట్రాక్టు రద్దవుతుంది.

“గ్రేడు అడిగిన్నా మేడమ్ మిమ్మల్ని? ఐదేండ్ల సంది ఆయనే ఆ కీ నా దగ్గర పెట్టి పోతుండు. ఇచ్చినట్టు కాయితం లేదు. నేను వాడినట్టు ఇప్పుడు మీ కాయితం ఉన్నది.”

ఆ సాయంత్రమే నా పరిశీలన పుస్తకాన్ని, గ్రేడులు ఖరారు చేసే మూల్యాంకన కమిటీకి సమర్పించాను. అధికారి ఫీల్డు తనిఖీలో ఉన్నట్టు రిజిస్టరులో రాసుకున్న గంటల్లోనే ఆయన పేరిట ఆమోదాలు జరిగాయని, నేను అక్కడ కూర్చున్న మూడు రోజుల్లోనూ ఆయన అభ్యంతరం చెప్పలేదని వివరించాను. అధికారి నన్ను పిలిపించి, టీ తెప్పించి, “చదువుకున్నోళ్లు మీరు. ఇంత దూరం తెచ్చుకునుడు ఎందుకు?” అన్నారు. అది సలహానో, హెచ్చరికో నాకు ఇప్పటికీ తెలియదు. టీ ముట్టుకోకుండా వచ్చేశాను. గడువు ముగిసేలోపు మెమో రద్దయింది.

నేను అడిగింది జీతం గురించి. స్వరూప విన్నది ఉద్యోగం గురించి. మా పద్ధతిలో బాధ్యతకు మార్కులున్నాయి కానీ, ఆ బాధ్యతను ఒప్పుకోవడంలోని ప్రమాదానికి గడి లేదు. నిజం చెప్పడానికి మనిషి ఎంత చెల్లించాలో ముందు తెలుసుకోవాలని ఈ కేసు నాకు నేర్పింది.

తరువాత దరఖాస్తుల పరిశీలన ఆపరేటరు విధుల్లో చేరింది. ఆ పోస్టు ఒక గ్రేడు పెరిగింది. కీ ఇప్పుడు అధికారి దగ్గరే ఉంటుంది. ఉద్యోగులు ఇచ్చే జవాబుల ఆధారంగా ఎవరిపైనా చర్య తీసుకోబోమని రాతపూర్వక ఉత్తర్వు వచ్చాకే నేను ప్రశ్నలు మొదలుపెడుతున్నాను.