త్రినాథరావు పన్నెండో బోర్డు

త్రినాథరావుకు వ్యాపారం కంటే ముందు బోర్డు పుడుతుంది. సరుకుండదు, గిరాకీ ఉండదు, ఒక్కోసారి ఏం అమ్ముతాడో ఆయనకే తెలియదు. బోర్డు మాత్రం దిగుతుంది. రేకు మీద చేత్తో రాసిన అక్షరాలు, చుట్టూ పూలతీగ.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన అద్దెకుండే మేడ కనకమ్మది. పోచంపల్లి మగ్గాలింటి మనిషి. బడికి రెండేళ్లే పోయింది గానీ మాటలో ఆమెను గెలిచినవాడు లేడు. ఆమె గడపలో కూర్చొని చీరె చెంగుకు కుచ్చులు ముడివేస్తుంటే, కోచింగు సెంటర్లో లెక్కలు చెప్పొచ్చిన త్రినాథరావు చెప్పులైనా విప్పకుండా గేటుకూ మెట్లకూ నడుమ మగ్గంలో నాడెలా ఆడేవాడు.

“ఏంది సారూ, చీమలు కుట్టినయా?”

“ఐడియా వచ్చిందండి పిన్నిగారూ!”

“దానికి మందు లేదా?”

“ముందు బోర్డు రాయించాలండి!”

నడి మే నెలలో మెట్రో స్టేషన్ దగ్గర ‘అద్దె గొడుగులు’ బోర్డు పెట్టాడు. “వాన యాడుంది సారూ?” అంటే, “వానొచ్చాక పెడితే జనం నమ్మరండి” అన్నాడు. వానొచ్చింది. జనం నమ్మారు. నలభై గొడుగులూ పట్టుకుని రైలెక్కి పోయారు.

తర్వాత ‘హాస్టల్ విద్యార్థులు నిద్ర లేపబడుదురు’. పొద్దున్నే గంట కొడితే, డబ్బు కట్టినవాడు తప్ప వీధంతా లేచింది. ఆయన చెప్పులు మీర్‌పేట్ దాకా పరుగెత్తాయని చెప్పుకుంటారు.

ఒకసారి ఆమె కుచ్చులకేసే చూస్తూ, “ఇవి అమ్మితేనా...” అన్నాడు.

“నా చేతి ఏళ్లు అంగట్ల పెడ్తవా? నడువ్!”

బోర్డులు పదకొండయ్యాయి. ఒకటి నీళ్ల సంపుకు మూత, ఒకటి మోటారుకు గొడుగు. పదకొండోది మెట్లమీద కనకమ్మ పిక్కను గీరింది.

“ఇంకో బోర్డు తెస్తివా, ఇల్లు ఖాళీ చెయ్యాలె. చెప్తున్న.”

త్రినాథరావు ముఖం సున్నమైంది. “బోర్డు లేకపోతే ఎలాగండి?”

“బోర్డు లేకుంటే యాపారం నడ్వదా?”

“వ్యాపారం నడవకపోయినా ఫర్లేదండి, బోర్డు...” అని నాలుక కరుచుకున్నాడు.

ఈ రోగం వేరెక్కడుందో అక్కడే పీకాలనుకుంది కనకమ్మ. ఆటో ఎక్కి మూసారాంబాగ్‌లో బోర్డులు రాసే అంతయ్య దుకాణానికి పోయింది. రెండు ఫ్లెక్సీ దుకాణాల మధ్య ఇరుక్కున్న గది. అంతయ్య బ్రష్షులన్నీ కడిగి, గుడ్డలో మూటగడుతున్నాడు.

“నువ్వేనా మా సారుకు బోర్డులు రాసేది?”

“ఇంక రాయనక్కా. పని బంద్ జేస్తున్న.”

తిట్టడానికొచ్చిన నోరు ఆగింది. “ఎందుకు?”

“ఫ్లెక్సీలొచ్చినంక నా దగ్గరికి వచ్చేది గా సారొక్కడే. మొదట్ల ఊకెనే పైసలియ్యవచ్చిండు. పని జెయ్యంది ముట్టనన్న. మర్నాడే కొత్త బిజినెస్ అని బోర్డు చెప్పిండు. గప్పటిసంది పదకొండు రాసిన. ఒక్కటీ నిలవలే. నా చెయ్యే అచ్చిరాదక్కా. మంచి మనిషి, నా చేతుల మునుగుతుండు.”

కనకమ్మ గోడకు ఆనించిన పాత బోర్డుల మీది అక్షరాలను కూడబలుక్కుని చదివింది. ఫ్లెక్సీ అక్షరాలు ఆమె కళ్లను పొడుస్తాయి. ఇవి చెయ్యి పట్టుకుని నడిపించాయి.

“మూట విప్పు,” అంది.

“దేనికక్కా?”

“నాకు బోర్డు రాయి.”

“ఏం బిజినెస్?”

ఆమె ఒళ్లంతా చీమలు పాకినట్టైంది. ‘ఇదేనా సారుకొచ్చే రోగం’ అనుకుంది.

“చీరెల కుచ్చులు. పేరు పెద్దగ రాయి, కనకమ్మ అని. నీ చెయ్యి అచ్చిరాదో, నా చెయ్యి అచ్చొస్తదో చూద్దాం.”

రెండో రోజు బోర్డు ఆటోలో వచ్చింది. త్రినాథరావు గేటు దగ్గర కొయ్యబారాడు. “పన్నెండోదండి! ఖాళీ చేయమన్నారు కదా?”

“నువ్వు తెస్తే అన్న. నేను తెస్తే అనలే. మేకులు కొట్టు.”

ఆయన మేకు కొడుతుండగానే ఎదురింటి పెళ్లికూతురు మూడు చీరెలతో వచ్చింది. సుత్తి వేలిమీద పడ్డా త్రినాథరావు నవ్వుతూనే ఉన్నాడు.

“అంతయ్యకు ఫోన్ జెయ్. ఆయన చెయ్యి అచ్చొచ్చిందని చెప్పు.”

త్రినాథరావు ఆమెకేసి చూశాడు. “అయితే... తెలిసిందాండి?”

“నాకేం తెల్వది. బడికి పోయిన్నా?”

ఆయన ఫోను చేసి, మళ్లీ గేటుకూ మెట్లకూ నడుమ మొదలుపెట్టాడు.

“పిన్నిగారూ, ఎల్.బి. నగర్‌లో బ్రాంచి...”

“మూడు చీరెలన్న కానియ్యి సారూ!” అని గద్దించింది. దారం కొరికి అడిగింది: “బ్రాంచి బోర్డు ఇంతకన్న పెద్దగుండాల్నా?”