నేను తగ్గించి చెప్పిన నటుడు

తమిళనాడులోని కోవిల్‌పట్టిలో మా నాయనకు ఊరు పెట్టిన పేరు 'ఎక్స్‌ట్రా'. పెళ్లికి ముందు ఆయన మద్రాసు పోయి ఆరేళ్లు సినిమాల్లో గుంపులో నిలబడి వచ్చాడు. పెళ్లి సీనులో అక్షింతలు వేసేవాడు, కోర్టు సీనులో వెనక బెంచీ మీద కూర్చునేవాడు, వరద వస్తే పరిగెత్తేవాడు. తిరిగొచ్చాక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో బండిళ్లు కట్టే పనిలో చేరాడు. అమ్మ అదే ఫ్యాక్టరీలో పుల్లలను ఒక్కొక్కటిగా చట్రంలో పేర్చేది. బస్టాండు దగ్గర, మిలిటరీ నుంచి తిరిగొచ్చిన టీ కొట్టాయన మా నాయనను చూడగానే "ఎక్స్‌ట్రాకి ఒక టీ" అని లోపలికి కేకవేసేవాడు, బెంచీ మీదున్న వాళ్లంతా నవ్వేవాళ్లు. బడిలో నేను ఎక్స్‌ట్రా కూతురిని. ఆ మాట అన్నందుకు ఇద్దరి జడలు పట్టి లాగి, ఒక పూటంతా ఎండలో నిలబడ్డాను. నాయన మాత్రం ఎవరినీ ఏమీ అనేవాడు కాదు. తల వంచుకుని టీ తాగి, తల వంచుకునే ఇంటికి వచ్చేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది, వాళ్ల మీద సగం, ఆయన మీద సగం.

మద్రాసు సంగతి ఆయన ఇంట్లో ఎత్తేవాడు కాదు. పక్కింటి టీవీలో పాత సినిమా మోగితే లేచి వెళ్లి మేకకు ఆకు వేసేవాడు. ఎందుకలా అని అడిగితే ఒకనాడు అవ్వ చెప్పింది. ఆరేళ్లలో ఆయనకు ఒకే ఒక్కసారి మాట దొరికిందట. తెలుగు సినిమా. బంగళా మెట్ల కింద నిలబడి "అయ్యా, బండి వచ్చింది" అనాలి. నాయన మా ఇంటి తెలుగులో ఎట్లా అంటామో అట్లాగే అన్నాడు: "అయ్యా, బండి వచ్చిండాది." ఫ్లోరంతా నవ్విందట. ఈ అరవవాణ్ణి ఎక్కణ్ణించి పట్టుకొచ్చారని ఎవరో అడిగారట. ఆ మాట తీసి పక్కవాడికి ఇచ్చారు. మరుసటి వారం ఆయన రైలెక్కి ఊరికొచ్చేశాడు. వీధిలో మేము తెలుగువాళ్లం, మద్రాసు స్టూడియోలో అరవవాళ్లం. ఏ ఎండకు ఆ గొడుగు పట్టడం మా నాయనకు చేతకాలేదు.

తొంభైల నడుమ, నేను ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి, చదువుతున్నప్పుడు, మా కాన్వెంటు బడికి ఆస్ట్రేలియా నుంచి ఒకాయన వచ్చాడు. ఏడాదిపాటు ఆడపిల్లలకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పాలని, ఒక నాటకం వేయించాలని మదర్ పిలిపించింది. యాభై ఏళ్లు ఉంటాయి, తాటిచెట్టంత ఎత్తు, ఎండకు కమిలిన ముక్కు. ఆయన మాట ఎవరికీ అర్థమయ్యేది కాదు. నాకు నోరెక్కువ కాబట్టి మదర్ నన్ను ఆయన వెంట వేసింది. ఆయన ఇంగ్లీషులో చెబితే నేను బడిలో తమిళంలో చెప్పాలి, మా ఇళ్ల వైపు వస్తే తెలుగులో చెప్పాలి.

పిల్లల ఇళ్లు చూస్తానని మొదట మా ఇంటికే వచ్చాడు. నాయన గుమ్మంలో నిలబడి, "మీ ఊర్లో ఏమి పని చేస్తా ఉంటిరి సార్?" అన్నాడు. నేను అడిగాను. ఆయన తన ముక్కుతో ఏదో రెండు ముక్కలు అన్నాడు. ఆస్ట్రేలియావాళ్లు మాట చివర మింగేస్తారని నాకు అప్పటికి తెలియదు. నా చెవిలో పడింది నాకు పుట్టినప్పటినుంచి తెలిసిన మాటే.

"ఎక్స్‌ట్రా అంట నాయనా," అన్నాను. "సినిమాలో ఎక్స్‌ట్రా."

నాయన ఒక్క క్షణం ఆయన్ని చూశాడు. ఆయనా నాయన్ని చూసి నవ్వాడు. నాయన లోపలికి వెళ్లి అవ్వ కూర్చునే స్టూలు తెచ్చి తుండుగుడ్డతో దులిపి వేశాడు. "కూసోండన్నా," అన్నాడు. మా ఇంటికొచ్చిన ఎవరినీ ఆయన అన్నా అనగా నేను వినలేదు. ఆ సాయంత్రం, నేను పుట్టాక మొదటిసారి, నాయన మద్రాసు గురించి మాట్లాడాడు. తెల్లారి వీధి మొగదల ఏజెంటు వచ్చి మొహాలు ఏరుకునేవాడని, ఆ సమయానికి లేకపోతామేమోనని దొడ్డికి కూడా పోకుండా నిలబడేవాళ్లమని చెప్పాడు. నేను ఇంగ్లీషులోకి తెచ్చేలోగా సిగ్గుతో చచ్చాను. సారు మాత్రం తొడ చరిచి నవ్వాడు. తన ఇంట్లో ఫోనుకు పొడుగాటి వైరు వేయించి, స్నానాల గదిలోకి కూడా తీసుకెళ్లేవాడట, స్టూడియో నుంచి పిలుపు వస్తుందేమోనని. అది నేను తెలుగులో చెప్పాక ఇద్దరూ కలిసి నవ్వారు.

రెండు వారాల తర్వాత మదర్ తన గదిలో నాకు ఒక పాత పత్రిక చూపించింది. అట్ట మీద మా సారే, ఇరవై ఏళ్లు చిన్నవాడు, భుజం మీద గొర్రెపిల్ల. టీవీలో ఏడేళ్లు నడిచిన సీరియల్లో పల్లెటూరి పశువుల డాక్టరు వేషం, హీరో అదే. తర్వాత మూడు సినిమాలు. అప్పుడు గాని నాకు తెలియలేదు, ఆయన ఆ రోజు అన్నది 'ఎక్స్ యాక్టర్' అని. మాజీ నటుడు. ఎక్స్ అనే ముక్క ఒంటిగా ఉంటుందని నేనెరగను. మా ఇంట్లో దానికి 'ట్రా' అనే తోక ఎప్పుడూ ఉండేది.

నిజం చెబుదామని ఇంటికి పరుగెత్తాను. నాయన అరుగు మీద కూర్చుని, మద్రాసులో నేర్చుకున్న కత్తి పట్టు అవ్వకు గరిటెతో చూపిస్తున్నాడు. అవ్వ నోరు తెరుచుకుని చూస్తోంది.  వచ్చిన మనిషి హీరో అని తెలిస్తే నాయన మళ్లీ మేక దగ్గరికి వెళ్లిపోతాడని భయపడ్డాను. ఆ భయం మీద నేను చేసిన పని ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

సారు ప్రతి శనివారం వచ్చేవాడు, తన జీవితం చెప్పేవాడు. నేను దాన్ని తగ్గించి చెప్పేదాన్ని. ఏడేళ్లు ప్రతివారం తెర మీద ఉన్నానంటే, "ఏడేండ్లు వెనకాల నిలబడినాడంట" అనేదాన్ని. సినిమాలో సముద్రానికి అడ్డం పడి పడవ నడిపానంటే, "పడవలో కూసున్నాడంట, మూలన" అనేదాన్ని. పశువుల డాక్టరు వేషం మాత్రం దాచలేకపోయాను, మేకను చూడగానే ఆయన దాని పళ్లు పట్టి చూశాడు మరి. "డాక్టరు వేషం కట్టినాయన పక్కన మేకను పట్టుకొనే వేషం" అన్నాను. అవ్వ వెంటనే మేకను తెచ్చి, గిట్టలు కోయాలి పట్టుకోమని చేతికిచ్చింది. ఆయన చాలా ఒడుపుగా పట్టుకున్నాడు. పని తెలిసినోడే అని అవ్వ మెచ్చుకుంది.

తగ్గించనక్కర లేని సంగతులూ ఉండేవి. సీరియల్లో ఆయన్ని గుర్రం మీదనుంచి పడేసి చంపేశారు, కొత్త కుర్ర డాక్టరు కోసం. ఆ తర్వాత ఎక్కడికి పోయినా, నీ మొహం చూస్తే పశువులే గుర్తొస్తాయన్నారు. చిన్న వేషాలు, తర్వాత సబ్బు ప్రకటన, తర్వాత ఏమీ లేదు. ఒక పొద్దున ఫోను హాల్లోనే వదిలి స్నానానికి వెళ్లాడట. తాను నటన మానేసింది ఆ రోజేనన్నాడు. టీచరు చదువుకు చేరాడు. ఇది నేను ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పాను. నాయన తుండుగుడ్డ మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత, "నేను స్నానం చేసే వచ్చినాను, ఆ దినం రైలెక్కేదానికి ముందర" అన్నాడు.

విరుదునగర్‌లో సిస్టర్ల పెద్ద బడి వేడుకకు మా నాటకం వేయాలన్నారు. ఎండలో బస్సు కోసం ఎదురుచూసే ఆడపిల్లల కథ. ఒక్కొక్కరు ఎక్కడికి పోవాలనుకుంటున్నారో చెబుతారు. చివర్న టీ కొట్టు మనిషి రోడ్డు వైపు చూసి బస్సు వచ్చిందంటాడు, అంతే. ఆ టీ కొట్టు మనిషిగా మీ నాన్న చేయాలి అన్నాడు ఆయన.

"నాకు మాటా?" అన్నాడు నాయన. "ఏ భాషలో?"

"మీ ఇంటి భాషలోనే, ఇంట్లో ఎట్లా అంటారో అట్లాగే అనమన్నాడు," అన్నాను. మద్రాసులో ఆ ఒక్క మాట పోయిన సంగతి నాయన ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉంటే నా నోటి మీదుగానే పోవాలి.

 నాయన మూడో రోజు సరే అన్నాడు. తనలాంటి గుంపు మనిషి అడిగాడు కాబట్టే ఒప్పుకున్నాడని నేను నమ్మాను.  వేడుకలో అతిథుల పరిచయాలు తమిళంలో మైకులో చదువుతారు. ఆస్ట్రేలియా ఆయన పరిచయం రాసే పని మదర్ నాకే ఇచ్చింది. చిన్న చిన్న వేషాలు వేశారని రెండు వాక్యాలు రాసిచ్చాను. మదర్ ఎర్ర సిరాతో కొట్టేసి, పత్రిక చూసి పేజీ నిండా తనే రాసింది. నాయన వేదిక ఎక్కడానికి ముందే అది ఊరంతా వినేటట్టు చదువుతారు.

ప్యాసింజరు రైల్లో పోయాం. సాత్తూరులో దోసకాయలు కొని పిల్లలు కారం అద్దుకుని తింటున్నారు. నాయన కిటికీ దగ్గర కూర్చుని పెదాలు కదుపుతున్నాడు. రిహార్సల్లో ఆయన ఆ మాటను పక్కనున్న నాకే వినపడనంత మెల్లగా అనేవాడు. సారు ఏనాడూ గట్టిగా అనమనలేదు.

విరుదునగర్ హాల్లో మిరపకాయల గోదాముల వాళ్లు, నూనె మిల్లుల వాళ్లు, తల్లులు, అవ్వలు కిక్కిరిసి కూర్చున్నారు. మైకులో పరిచయం మొదలైంది. ఏడేళ్లు కథానాయకుడు, మూడు సినిమాలు, దేశమంతా పేరు. నేను తెర వెనక్కి పరుగెత్తాను. నాయన తలకు తుండు చుట్టుకుని, గ్లాసు తుడుస్తున్నాడు.

"ఏమి పాపా, మొగం అట్ల ఉండాది?"

"సారు ఎక్స్‌ట్రా కాదు నాయనా. నేను తప్పు చెప్పినాను. పెద్ద హీరో."

"తెలుసు," అన్నాడు.

"ఎప్పుడు తెలిసె?"

"మొదటి దినమే. మన టీ కొట్టు బోర్డులో ఏమి రాసిండాది? ఎక్స్ సర్వీస్‌మేన్ అని. దినమూ దాని కిందే నిలబడతాను, ఎక్స్ అంటే తెలీదా నాకు?"

"మరి యేల చెప్పలే?"

"నువ్వు అంత పాటుపడి ఆయన్ని తగ్గిస్తా ఉంటివి, సుమ్మా, ఊరికే చూస్తా ఉంటిని." గ్లాసు పక్కన పెట్టాడు. "పాపా, ఎక్స్‌ట్రా అనేది ఇంగ్లీషు మాటే గదా. నువ్వు అన్నప్పుడు ఆయనకీ వినపడె. కాదనలే. నవ్వి మన అవ్వ స్టూలు మీద కూసున్నాడు. అంత పెద్ద ఆర్టిస్టుకే ఆ మాట బరువు కాలే. నేను ఇన్నేండ్లు యేల తల వంచుకొంటిని అని అనుకొన్నాను."

 మొత్తం మీద ఆ మూడు నెలలూ ఏమీ తెలియనిది మధ్యలో నిలబడి మాటలు చెప్పే నాకే. ఏడవాలో నవ్వాలో తెలియక నాయన తుండు సరిచేశాను.

నాటకం చివరికొచ్చింది. నాయన వేదిక అంచుకు నడిచి, చేయి నుదుటికి అడ్డం పెట్టి, హాలు చివరిదాకా చూశాడు. తల ఎత్తే ఉంది. తర్వాత గొంతు విప్పి అన్నాడు, ఇంట్లో అన్నట్టే, హాలంతా వినపడేట్టు:

"అమ్మా, బండి వచ్చిండాది."

ఆ తమిళ హాల్లో తలలు అటూ ఇటూ తిరిగాయి. మూడో వరుసలో ఎవరో ముసలావిడ, ఇల్లే అనుకుందేమో, అట్లాగే జవాబిచ్చింది: "వచ్చిందా? అయితే ఎక్కండమ్మా, నిలబడిండారు యేల?"

హాలు నవ్వింది. అక్కడక్కడ తెలుగు మాటలు లేచాయి, అటు అత్త, ఇటు వదిన, వీధిలో తమిళమే మాట్లాడే మనుషులు. నాయన కూడా నవ్వాడు, ఆ అవ్వకు దండం పెట్టాడు. తెర పక్కన నిలబడిన ఆస్ట్రేలియా ఆయనకు ఏం జరిగిందో నేను చెప్పబోయాను. చెయ్యి ఊపి వద్దన్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

ఊళ్లో మా నాయన పేరు మారలేదు. టీ కొట్టాయన ఇప్పటికీ ఎక్స్‌ట్రా అనే పిలుస్తాడు, నాయన "ఆ, వచ్చినా" అని తలెత్తి పలుకుతాడు.

పదేళ్లు గడిచాయి. నేను విరుదునగర్‌లోనే టీచరునయ్యాను, ఏటా పిల్లల నాటకాలకు నాయన వచ్చి మేకప్పు వేస్తాడు. ఒకనాడు ఆయన్ని బ్రౌజింగ్ సెంటరుకు తీసుకెళ్లి, కంప్యూటర్లో ఆస్ట్రేలియా ఆయన పేరు కొట్టాను. సీరియలు, సినిమాలు, సంవత్సరాలు వరసగా వచ్చాయి. ఇప్పుడు ఉపాధ్యాయుడు అని చివర్న ఒక ముక్క, ఆ బడి ఈమెయిలు చిరునామా.

"చదువు," అన్నాడు నాయన. "ఈ తూరి తగ్గించకుండా చదువు."

అంతా చదివాను. పడవ మూలన కూర్చోలేదని, మేకను పట్టుకునే వేషం కాదని ఒప్పుకుంటూ చదివాను. నాయన తల ఊపుతూ విన్నాడు, అయిపోయాక తెర దగ్గరికి వంగి చూశాడు.

"ఇందులో విరుదునగర్ నాటకం విడిచిపెట్టినారు చూడు," అన్నాడు. "ఆయనకి జాబు రాయి."

"ఏమని రాసేది?"

"బండి వచ్చిండాది అని రాయి. ఆయనకి తెలుస్తాది."

ఇంగ్లీషు అక్షరాల్లో ఆ ఒక్క వాక్యమే కొట్టి పంపాను. చేరిందా, చేరిందా అని నాయన ఇంటికి వచ్చేదాకా అడుగుతూనే ఉన్నాడు.