మేనమామ మాట మీద సినిమా పాట

సూళగిరి సర్వీసు రోడ్డు పక్కన, పంక్చర్ అంగడికీ పురుగుమందుల అంగడికీ మధ్య ఒక ఇరుకు గది ఉంది. తలుపు మీద పెళ్ళికూతురి బొమ్మ, కింద తమిళంలోనూ తెలుగులోనూ మాదేశ్ పేరు. చుట్టుపక్కల ఏ ఊళ్ళో పెళ్ళయినా, గృహప్రవేశమైనా, ఆడపిల్ల పెద్దమనిషైనా కెమెరా భుజాన వేసుకుని పోయేది అతడే.

తండ్రి ఏళుమలై గ్రానైటు క్వారీలో రాయి కొట్టేవాడు. కొడుకు చేతికి సుత్తి రాకూడదని, పదో తరగతి తప్పగానే హోసూరులో ఒక వీడియోగ్రాఫరు దగ్గర చేర్చాడు. అక్కడ మాదేశ్ పని లైటు పట్టుకోవడం. ఊరందరి మొహాల మీదా వెలుగు పోసి తాను చీకట్లో నిలబడాలి. సాంబారు అడుగంటాక ఆఖరి పంక్తిలో తినాలి. ఆ యజమాని అతనికి నేర్పిన పాఠం ఒక్కటే. "పెండ్లిలో మాటలు ఎవడు వింటాడురా? బొమ్మ తేటగా ఉండాల, పాట అదరాల."

మాదేశ్ ఆ మాటను వేదంగా పట్టుకున్నాడు. కెమెరాలో పడిన శబ్దమంతా, మంత్రాలూ పిల్లల ఏడుపులూ వంటవాళ్ళ కేకలూ అన్నీ తీసిపారేసి ఒక్కో ఘట్టానికి ఒక్కో సినిమా పాట అతికించేవాడు. తాళి కట్టేటప్పుడు ఒకటి, అప్పగింతలకు ఒకటి, మేనమామ సారె తెచ్చేటప్పుడు ఒకటి. జనానికీ అదే ఇష్టం. అతని చేతిలో పడిన ఏ పెళ్ళిలోనూ మనుషుల గొంతు మిగల్లేదు. అలా అని ఎవరూ బాధపడలేదు.

నిరుడు అతని కంప్యూటరు మొండికేసింది. పాత విండోసుకు కాలం తీరిందనీ, కొత్తది ఈ పెట్టె మీద ఎక్కదనీ రోజూ తెర మీద హెచ్చరిక. కొత్త పెట్టె కొనే మాట ఎత్తే పరిస్థితి కాదు. హోసూరు ఫ్యాక్టరీలో పనిచేసే స్నేహితుడు తిలక్ ఒక ఆదివారం వచ్చి, పాతదంతా తుడిచేసి లినక్స్ వేసి పోయాడు. ముసలి పెట్టె కోడెలా లేచింది. చిక్కల్లా ఒక్కచోటే. కెమెరా ఫైళ్ళను ఎడిటింగుకు పనికొచ్చేట్టు మార్చనిదే అతని పని ముందుకు సాగదు. అందుకు విండోసులో వాడిన కన్వర్టరు ఇందులో లేదు. ఇదివరకు ఫైళ్ళు లాగి పడేసి బటను నొక్కితే అయిపోయేది. ఇప్పుడు నల్లటి తెర మీద ఒక వరుస టైపు చేసి పెట్టెకు ఆజ్ఞ ఇవ్వాలి. ఇస్తే సగం దూరం పోయి, శబ్దం దగ్గర తట్టుకుని, ఎర్రటి అక్షరాలు కక్కి ఆగిపోయేది.

ఇంటర్నెట్టులో వెతికి, ఎవరో రాసింది చూసి, ఆ వరుస చివర రెండక్షరాలు చేర్చాడు. ఫైళ్ళు చకచకా మారిపోయాయి. ఎందుకు మారాయో అతడు అడగలేదు. ఎడిటింగులో శబ్దం గీత ఉండవలసిన చోటు ఖాళీగా కనిపించినా, శబ్దం ఫైలులోనే ఎక్కడో ఉంటుందిలే, చెరిపే పని ఒకటి తప్పిందనుకున్నాడు. ఆ వరుసను దాచుకుని ప్రతి ఫంక్షనుకూ అదే వాడాడు. మారిన ఫైళ్ళు చేతికి రాగానే కెమెరా కార్డు తుడిచేసి తరువాతి పెళ్ళికి పోవడం అతని అలవాటు.

రంజిత పెళ్ళి వీడియో కూడా అలాగే తయారయింది.

రంజిత ఉద్దనపల్లి దగ్గరి కెంపమ్మ కూతురు. కెంపమ్మకు భర్త లేడు. పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన చిన్న చేను ఒక్కటే ఆమెకు ఆధారం. దాని బోరు ఎండిపోయింది. గట్టుకు అవతల అన్న చెన్నరాయప్ప భూమి. ఆయన బోరులో నీళ్ళున్నాయి. వాళ్ళలో ఒక ఆచారం ఉంది. మేనమామ సారె పళ్ళెం దించేటప్పుడు తానేమి ఇస్తున్నాడో పందిట్లో నలుగురి ముందు నోటితో చెప్పాలి. ఆ మాటకు కాగితం అడగడమంటే మేనమామ మొహాన ఉమ్మినట్టే. ఆ పొద్దు చెన్నరాయప్ప పళ్ళెం దించి, చెయ్యెత్తి, తన బోరు నీళ్ళలో చెల్లెలికి వంతు ఇస్తున్నానన్నాడు. మేళం మోగుతూ ఉంది. ఆ మాట ముందున్న కొందరికే వినపడింది. వాళ్ళంతా చెన్నరాయప్ప చెయ్యి కింద బతికేవాళ్ళే. వాళ్ళు కాక అంత దగ్గరగా ఉన్నది కెమెరా పట్టుకున్న మాదేశ్ ఒక్కడే.

కొన్ని నెలలు నీళ్ళు పారాయి. ఎండలు ముదిరేసరికి చెన్నరాయప్ప కొడుకు రక్షిత్ గులాబీలకని పాలీహౌస్ వేశాడు. బోరు నీళ్ళన్నీ దానికే చాలలేదు. చెల్లెలి వంతు ఆగిపోయింది. అప్పుడే కెంపమ్మ టమోటా కాపుకొచ్చింది. అడిగితే అన్న, వంతు యాడిది, సారె చీర ఇచ్చినాను అంతే కదా అన్నాడు.

కెంపమ్మ భయపడలేదు. వీడియో ఉంది కదా, పలికిన మాట యాడికి పోతుందని ఊరి పెద్దలను పాల సొసైటీ వసారాలో కూర్చోబెట్టింది. సొసైటీ ప్రెసిడెంటు ముత్యాలప్ప టీవీ బయట పెట్టించాడు. తెర మీద చెన్నరాయప్ప పళ్ళెం దించాడు, చెయ్యెత్తాడు, నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి తమిళ సినిమా పాట, వయొలిన్లతో సహా, వసారా దద్దరిల్లేట్టు వచ్చింది.

మొదట నవ్వింది చెన్నరాయప్పే. "పాట పాడినాను కదప్పా. గొంతు అంత బాగుండాదని నాకే తెలీదు."

అందరూ పడీపడీ నవ్వారు. కెంపమ్మ అక్కడి నుంచే మాదేశ్‌కు ఫోను చేసింది. ఆ నవ్వు అతనికి ఫోనులో వినిపించింది. పాట తీసేసి అసలు శబ్దం పెట్టి ఇస్తానని, మంగళవారం సంతలోపు చేతికిస్తానని ధైర్యం చెప్పాడు. ముత్యాలప్ప మంగళవారానికే మళ్ళీ కూర్చుందామన్నాడు.

మాదేశ్ అంగడి తలుపు వేసుకుని కూర్చున్నాడు. ఫైలు తెరిచి పాట తీసేశాడు. నిశ్శబ్దం. స్పీకరు తీగ లాగి పెట్టాడు. హెడ్‌ఫోను మార్చాడు. వేరే ప్లేయరులో వేశాడు. ఎక్కడ వేసినా చెన్నరాయప్ప నీళ్ళలోని చేపలా నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. ఫైలులో ఏమేముందో పెట్టెనే అడిగాడు. బొమ్మ ఉందన్నది. శబ్దం ఊసే ఎత్తలేదు.

లినక్సును తిట్టాడు. తిలక్‌కు ఫోను చేసి అతణ్ణీ తిట్టాడు. కన్వర్టరు తీసేసి మళ్ళీ ఎక్కించాడు. పరీక్షకని కెమెరా పట్టుకుని గడపలో నిలబడి, హైవే మీద పోతున్న లారీని తీశాడు. దాచుకున్న వరుసతోనే మార్చాడు. లారీ మూగగా వచ్చింది, మూగగా పోయింది. అప్పుడు ఆ వరుసను మొదటిసారి అక్షరం అక్షరం చదివాడు. చివరి రెండక్షరాలకు అర్థం వెతికాడు. కన్వర్టరు పుస్తకంలో ఒక్క ముక్కలో ఉంది. శబ్దం వద్దు.

ఇంకాస్త చదివితే అసలు జబ్బూ బయటపడింది. కెమెరా రాసే శబ్దం రకం, మార్చిన ఫైలులో ఉన్నదున్నట్టు ఇమడదు. శబ్దాన్ని నొక్కి కుదించని రకంగా మార్చమని ఆ వరుసలో ఒక్క మాట చెబితే చాలు. ఆ రెండక్షరాలు తీసి, ఆ మాట పెట్టి, మళ్ళీ ఆజ్ఞ ఇచ్చాడు. లారీ హారను గదంతా మోగింది. పంక్చర్ అంగడివాడు ఏమైందని తొంగి చూశాడు.

మాదేశ్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. పెట్టె పని చేయకపోయి ఉంటే బాగుండేది. సిస్టము మీద తోసేయవచ్చు. పెట్టె ఏ తప్పూ చేయలేదు. అతడు గొంతు కోయమన్నాడు, అది కోసింది. కార్డులో చెరిగిన ఫైళ్ళను తవ్వితీసే సాఫ్టువేరు కూడా వేసి చూశాడు. తరువాత దాని మీద తీసిన పెళ్ళిళ్ళ తునకలు వచ్చాయి. రంజిత పెళ్ళి రాలేదు.

సోమవారం కెంపమ్మే వచ్చింది. బస్సు దిగి, చెంగుతో మొహం తుడుచుకుంటూ స్టూలు మీద కూర్చుంది. శబ్దం దొరికిందా అని అడిగింది. ఆ పొద్దు మైకు పట్టలేదక్కా, కెమెరాలో శబ్దమే పడలేదు అన్నాడు మాదేశ్. ఆమె తెర వైపు చూస్తుంటే, అతడు ఆమె చెప్పుల వైపు చూశాడు.

కెంపమ్మ తెర వదిలి అతని వైపు తిరిగింది. తరువాత మెల్లగా అంది. "మిషనుకు చెవులు లేకపోతే పోనీలేప్పా. నీకు ఉండాయి కదా? మా అన్నకు మూరెడు దూరంలో నిలబడినావు. నువ్వు వినలేదా?"

విన్నాడు. ప్రతి మాటా విన్నాడు. కానీ వచ్చే నెలలో రక్షిత్ పెళ్ళి. మండపంలో మూడు కెమెరాలు, డ్రోను. అంత పెద్ద పని చెన్నరాయప్ప తనకే చెప్పాడు.

"గుర్తు లేదక్కా. పనిలో ఉంటాము కదా, ఏమీ వినపడదు."

"అట్నా," అంది కెంపమ్మ. తిట్టలేదు. తిట్టి ఉంటే అతడు కోపం తెచ్చుకుని తప్పించుకునేవాడు. ఆమె చెంబెడు నీళ్ళడిగి, సగం తాగి, మిగిలింది పారబోయకుండా గడప పక్కనున్న తులసి మొక్కకు పోసి వెళ్ళిపోయింది.

ఆమె పోయాక మాదేశ్ ఆ ఫైలును చెరిపేద్దామని తెరిచాడు. చెన్నరాయప్ప చెయ్యెత్తాడు. ఆ ముక్కను పాటకు కుదిర్చేటప్పుడు ఎన్నోసార్లు ముందుకూ వెనక్కూ తిప్పాడు. ఏ పెదవి ఎప్పుడు కదులుతుందో అతనికి కొట్టిన పిండి. చూస్తుండగానే తన పెదవులు ఆయన పెదవులతో పాటు కదులుతున్నాయి. చెరిపే బటను మీద పెట్టిన వేలు తీశాడు.

మంగళవారం పాల సొసైటీ వసారాలో జనం కిందటిసారి కంటే ఎక్కువగా ఉన్నారు. నవ్వుకోవడానికి వచ్చారని మాదేశ్‌కు అర్థమైంది. శబ్దం తెచ్చినావా అని ముత్యాలప్ప అడిగాడు.

"లేదన్నా. నేనే తీసేసినాను. తెలీక కాదు, అక్కర లేదనుకుని తీసేసినాను. నిన్న ఈయమ్మకు మైకు పట్టలేదని చెప్పింది అబద్ధం." జేబులోంచి పెన్‌డ్రైవు తీసి చాపాడు. "బొమ్మ పెట్టండి. నేను చెప్తాను."

ఎవరో నవ్వారు. పెన్‌డ్రైవు పెట్టారు. తెర మీద చెన్నరాయప్ప, పాట లేకుండా, చెయ్యెత్తాడు. మాదేశ్ టీవీ పక్కన నిలబడి, ఆయన నోరు తెరిచినప్పుడు నోరు తెరిచాడు.

"మా రంజిత అత్తగారింటికి పోతా ఉంది. ఇంక మా చెల్లెలు ఒంటిది. నా బోరులో నీళ్ళు ఉన్నంత కాలం దాని చేను ఎండనీయను. దినం మార్చి దినం కాలవ మడవ దానిదే."

మాట ఆగిన చోట పెదవులు ఆగాయి. తెర మీద చెన్నరాయప్ప పక్కకు తిరిగి, చెల్లెలి వైపు వేలు చూపి మళ్ళీ ఏదో అన్నాడు.

"ఏమ్మే కెంపీ, ఏడవద్దు. కండ్లలో నీళ్ళు కూడా చేనికే దాచుకో."

తెర మీద ముందు వరసలోని వాళ్ళంతా ఒక్కసారిగా నవ్వారు. కెంపమ్మ కన్నీళ్ళతోనే నవ్వింది. వసారాలో మాత్రం ఎవరూ నవ్వలేదు. అప్పుడు ముందు వరసలో నవ్వినవాళ్ళు ఇప్పుడు ఇక్కడే ఉన్నారు. తెర మీద తమ నవ్వును తామే చూసుకుని తలలు దించుకున్నారు.

చెన్నరాయప్ప చాలాసేపు తువ్వాలు మడతలు సర్దుకున్నాడు. "ఆపండప్పా చాలు. మడవ ఇడుస్తాను," అని లేచాడు. మెట్లు దిగుతూ మాదేశ్ వైపు తిరిగి, "మా రక్షిత్ పెండ్లికి నువ్వు రావద్దులే. మాకు పాట తెలిసినవాడు కావాల," అన్నాడు.

ఆ సాయంత్రమే మడవ తెరిచారు. కెంపమ్మ మాదేశ్‌ను చూసిపొమ్మని చేనికి తీసుకుపోయింది. కాలవలో నీళ్ళు నురగ తోసుకుంటూ వచ్చాయి. సాళ్ళలో పడగానే భూమి చప్పుడు చేస్తూ తాగింది. కానీ పైచెక్కలో టమోటా చెట్లన్నీ అప్పటికే ఆసరాకు కట్టిన తీగలకు ఎండి వేలాడుతున్నాయి. ఆకు నలిపితే పొడి. గట్టు పక్క నీడన రెండు సాళ్ళు మాత్రం పచ్చగా ఉన్నాయి.

ఎండిన చెట్టు ఒకటి వేళ్ళతో పీకి చూస్తూ కెంపమ్మ అంది. "నిన్న నీ అంగట్లో అడిగినాను కదప్పా. నువ్వు అప్పుడే చెప్పింటే నిన్నే మడవ తెరిచేవాళ్ళు. ఇంకొంచెం మిగిలేవేమో." నిష్ఠూరంగా కూడా అనలేదు. వాన రాలేదని చెప్పినట్టు చెప్పింది.

మాదేశ్ వంగి, రాలిన ఎండాకులు ఏరి గట్టు మీద వేశాడు. 

పోతానని చెప్పబోతే ఆమె ఆపింది. చేని కాడికి వచ్చినోళ్ళను వట్టి చేతులతో పంపకూడదంటూ, బతికిన సాళ్ళలో వెతికి వెతికి, నీళ్ళు లేక పగిలిన కాయలు, ఇంకా రంగు తిరగనివి, సంచిలో వేసి స్కూటరుకు తగిలించింది. వద్దనడానికి అతనికి మొహం లేదు.

ఇంటికి పోయేసరికి భార్య మీనా పొయ్యి దగ్గర ఉంది. సంచి బోర్లించి ఒక కాయ చేతిలోకి తీసుకుంది.

"యాడివి ఇవి?"

కెంపమ్మక్క ఇచ్చింది అనాలి. అంటే ఎందుకిచ్చింది అని అడుగుతుంది. సోమవారం నుంచి మొదలుపెట్టి చెప్పాలి.

"కొనుక్కొచ్చినాను," అన్నాడు మాదేశ్.

మీనా కాయను వెలుగులోకి ఎత్తి, పగులు వెంబడి బొటనవేలితో రాసింది. "ఇట్లా పగిలినవి ఎవరన్నా కొంటారా?" అంటూ కత్తిపీట ముందు కూర్చుంది. అతడు చొక్కా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, ఆమె కోస్తున్న ఒక్కొక్క కాయనే చూస్తూ ఉండిపోయాడు.