కాంటా పెట్టె, దుబాయి క్యాసెట్

తొంభైల చివరి సంగతి. పెద్దపల్లిలో ఒక రైసుమిల్లులో లారీలు తూచే కాంటా దగ్గర కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. మా ఆయన పెళ్లయిన ఏడాదికే దుబాయి పోయాడు. ఎప్పుడొస్తాడో నాకు తెలియాలి, అంతే, ఇంకేం అక్కర్లేదు. ఆ ఒక్క ముక్కా చెప్పేవాడు కాదు మహానుభావుడు. నేను అడగను, ఆయనే చెప్పాలి. అదీ నా పంతం.

ఉత్తరం రాస్తే ముందుగా విప్పి చదివేది మా మరిది. అందుకేనేమో ఆయన రాసేవాడే కాదు. ఊరివాళ్లెవరైనా వస్తుంటే క్యాసెట్ పంపేవాడు. ఇంటిల్లిపాదీ టేప్ రికార్డర్ చుట్టూ చేరేవాళ్లం. "అవ్వా, మోకాళ్ల నొప్పి తగ్గిందా?" అని అడిగి ఆగేవాడు. ఎదురుగా ఉన్నట్టే మా అత్త "జర తగ్గింది బిడ్డా" అనేది. ఊ కొట్టేంత సందు విడిచి మాట్లాడడం ఆయనకు అలవాటు. మావైపు ఊ కొట్టకపోతే మాట ముందుకు సాగదు మరి. అందరి మంచిచెడ్డలూ అయ్యాక క్యాసెట్ మూగబోయేది. మరిది టక్కున ఆపి, మొదటికి తిప్పి, అదే క్యాసెట్లో ఆయన మాటల మీదే మా జవాబులు నింపి పంపేవాడు. నా వంతు వచ్చేసరికి అందరి ముందూ ఏం మాట్లాడను? "మంచిగున్న" అనేదాన్ని. లోపల మండిపోయేది. అందరినీ అడిగాడు, ఆఖరికి బర్రెను కూడా అడిగాడు, నన్ను తప్ప!

అప్పుడే మిల్లులో కొత్త తంటా వచ్చిపడింది. కాంటా యంత్రం చెప్పే తూకాన్ని ఆఫీసు కంప్యూటర్లన్నింటికీ చేర్చడానికి ఒక చిన్న పెట్టె బిగించారు. లారీ నంబరు వచ్చేది, తూకం వచ్చేది కాదు. డ్రైవర్ల అరుపులు నామీదే. "కండ్లు యాడ పెట్టుకున్నవమ్మా?" అని సేటు. నా కళ్లకేం, నిక్షేపంగా ఉన్నాయి.

హైదరాబాదు నుంచి ఇంజనీరు వచ్చి చూసి, "పెట్టె తొందరపడుతుంది మేడం" అన్నాడు. యంత్రం అక్షరాలను ఒక్కొక్కటిగా తీగలోకి వదులుతుందట. కంప్యూటర్లకు పోవాలంటే పెట్టె వాటిని మూట కట్టాలి. కొన్ని యంత్రాలు చివర 'అయిపోయింది' అని ఒక గుర్తు పంపుతాయి. మాది పాతది, దానికా మర్యాద తెలియదు. అందుకని పెట్టె నిశ్శబ్దాన్ని చూసుకుంటుంది. కాసేపు ఏ అక్షరమూ రాకపోతే అయిపోయిందనుకుని ముడివేసి పంపేస్తుంది. మా యంత్రమేమో లారీ నంబరు చెప్పి, కాస్త ఊపిరి తీసుకుని, అప్పుడు తూకం చెప్పేది. ఆ వెనకొచ్చిన ముక్కకు తలాతోకా లేదని కంప్యూటర్ పారేసేది.

"ఆగిందంటే అయిపోయినట్టు కాదు గదా," అన్నాడు ఇంజనీరు. "జర ఎక్కువసేపు చూడమని చెప్తున్న."

"మస్తుసేపు చూడమంటే?"

"రెండు లారీలు ఒక్క మూటల పడ్తయి మేడం."

కొద్దిగానే పెంచాడు. ఆ సాయంత్రానికి తూకాలు బుద్ధిగా వచ్చాయి. నాకు మాత్రం ఇంటికెళ్లాక కూడా ఆ మాటే చెవిలో తిరిగింది. ఆగిందంటే అయిపోయినట్టు కాదు.

ఆదివారం మావాళ్లంతా కొండగట్టుకు పోయారు. తలనొప్పి అని చెప్పి నేను ఉండిపోయాను. కొత్తగా వచ్చిన క్యాసెట్ ఇంట్లోనే ఉంది, ఇంకా జవాబు నింపలేదు. పెట్టాను. అత్త మోకాళ్లు, మామ దగ్గు, బర్రె, అన్నీ అయ్యాయి. తర్వాత నిశ్శబ్దం. ఆపలేదు. టేపు ఊరికే తిరుగుతోంది. ఛీ, నీకు పిచ్చి గానీ అని నన్ను నేనే తిట్టుకుని లేవబోయాను.

"అందరు పోయిండ్రా?" అన్నాడు.

టేప్ రికార్డర్ దగ్గరికి జరిగి చెవి ఆనించాను.

"నువ్వొక్కదానివే ఉన్నవా?" అని ఆగాడు. ఖాళీ ఇంట్లో ఊ అన్నాను.

"పోయినసారి గూడ అడిగిన. అంతకుముందు గూడ అడిగిన. రమ్మంటవా, ఉండుమంటవా అని. నువ్వు రమ్మంటే వచ్చేటోన్ని. అందరి జవాబులు వచ్చినయి, నీది రాలే. మంచిగున్న అంటివి, గంతే. మంచిగనే ఉన్నదనుకొని ఇంకో రెండేండ్లు ఈడనే పనిచేస్తనని కాయిదం మీద దస్కత్ పెట్టిన."

ఏడుపొచ్చింది. ఆ ప్రశ్నల మీదే మేము అత్త మోకాళ్లూ మామ దగ్గూ నింపి పంపామన్నమాట.

మళ్లీ ఆగాడు. ఊ కొట్టేంత సందు విడిచాడు.

"రా," అన్నాను. "వచ్చెయ్యి." పక్కింటికి వినబడినా సరే అని గట్టిగానే అన్నాను. టేపు చివరికంటా తిరిగి టక్కున ఆగింది.