చల్లారిందాకా

ఆత్మకూరులో ఇనుము చెక్కే లేతు మిషను నడిపే సాయిబు ఒకాయన ఉండేవాడు. పొలానికి నీళ్లు తోడే మా ఆయిలింజను షాఫ్టు తయారుచేయగానే కొలిచేవాడు కాదు. బల్ల మీద పెట్టి, ఉండుండి చెంపకు ఆనించి చూసేవాడు. చల్లగా తగిలాకే మైక్రోమీటరు పట్టేవాడు. నాకు ఒళ్లు మండేది.

"ఏంది భాయ్, ఆడ పైరు ఎండిపోతా ఉండాది. బిన్నా కొలవరాదా?" అని ఒకరోజు కసిరాను.

"వేడి మీద ఇనుము ఉబ్బి ఉంటాది. అప్పుడు కొలిస్తే సరిగ్గానే కనబడతాది. చల్లారితే వెంట్రుకవాసి సన్నబడతాది," అన్నాడు. "మా తమ్ముడు జీపు చక్రానికి పిన్ను అడిగినాడు. బాడుగ పోతాదని తొందరపెడితే వేడి మీదే కొలిచి ఇచ్చినాను. ఉదయగిరి దారిలో అది ఊడి జీపు బోల్తా పడింది."

ఆయన షాఫ్టును మళ్లీ చెంపకు ఆనించుకున్నాడు.

"ఆస్పత్రిలో వాడి చెంపకు ఇట్లనే ఆనించినాను. అప్పటికే చల్లగా ఉండాడు."