ఏడుపు బొమ్మ ఉన్న మందు కవర్

ఈ రోజు మా అమీర్‌పేట ల్యాబ్‌లో ఒక మహాద్భుతం చూశాను. డిప్రెషన్‌కు మాత్రకు బదులు, నాలుక మీద పెడితే నీళ్లు లేకుండానే కరిగిపోయే పల్చటి ఫిల్మ్ తయారు చేస్తున్నాం. దాని చేదు చంపడానికి మా సీనియర్ షాహీన్ అక్క ఏడాదిగా తంటాలు పడుతోంది. వాళ్ల తమ్ముడు హాస్టల్‌లో నలుగురి ముందు మాత్ర మింగలేక మధ్యలోనే మందు మానేశాడు మరి.

సాయంత్రం పంజాగుట్ట ఆఫీసు నుంచి మార్కెటింగ్ సార్ శాంపిల్ కవర్ పట్టుకొచ్చారు. దాని మీద మోకాళ్లలో తల పెట్టుకుని ఏడుస్తున్న అమ్మాయి, పైన బొటనవేలంత అక్షరాల్లో "డిప్రెషన్‌కు"! దానికి తోడు ఒక డప్పు కూడా ఇస్తే సరిపోయేది.

"సార్, గీ ఏడుపు బొమ్మెందుకు?" అన్నాను.

"చూడంగనే తెల్వాలె కద తమ్మీ, దేని మందో!"

నాకు ఒళ్లు మండింది. చదివిన కరపత్రాలన్నీ గుర్తు చేసుకుని, ఈ జబ్బు సిగ్గుపడాల్సింది కాదంటూ ఉపన్యాసం మొదలుపెట్టాను.

"గదే కద నేననేది. సిగ్గెందుకు? అందరికీ కనపడనీ!" అని సార్ నా మాట నాకే అప్పజెప్పారు.

షాహీన్ అక్క నవ్వుతూ ఆ కవర్‌ని సార్ చొక్కా జేబులో, బొమ్మ బయటికి కనిపించేలా పెట్టింది. "జర గిట్లనే మెట్రోల ఇంటికి పోండ్రి సార్. రేపు మాట్లాడుదాం."

సార్ లిఫ్ట్ దాకా కూడా పోలేదు. కవర్ తీసి బ్యాగు అడుగుకు తోసి, జిప్పు లాగేశారు. "బొమ్మ మార్పిస్త తియ్యమ్మా" అన్నారు.

కొత్త కవర్ మీద ఏముండాలో మీరే చెప్పండి. నా ఉపన్యాసం తప్ప ఏదైనా సరే.