షిఫ్టు బస్సులో వంటలు చెప్పిన అక్క

అక్క పోయిందన్న కబురు మాకు షిఫ్టు బస్సులోనే అందింది. పటాన్‌చెరులో ఆమె ఎక్కే చోట బస్సు ఆగింది. ఆమె ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి అక్కడ ఎక్కేవాళ్లెవరూ లేరు. అయినా డ్రైవర్ అలవాటుగా ఆపుతూనే ఉన్నాడు. ఆ పొద్దున మాత్రం ఆపి, ఇంజను కూడా బంద్ చేశాడు. వెనక్కి తిరగకుండానే, "అక్క లేదంట. తెల్లారంగ పాణం పోయిందంట. బిడ్డ ఫోన్ చేసింది" అన్నాడు.

వెనక లారీవాడు హారన్ కొట్టాడు. బస్సు కదిలింది. డ్యూటీకి పోవాలి కదా, పోయాము. గేటు దగ్గర వేలిముద్ర వేశాము, టోపీలు పెట్టుకున్నాము, ముఖానికి మాస్కులు కట్టుకున్నాము. ఆ రోజు ఆ మాస్కులు మాకు అక్కరకొచ్చాయి. ఎవరు ఏడుస్తున్నారో సూపర్‌వైజర్‌కు తెలియలేదు.

మాది పాశమైలారంలో ఒక మందుల కంపెనీ. ప్యాకింగ్ సెక్షన్‌లో నేనూ అక్కా పక్కపక్కన నిలబడి పనిచేసేవాళ్లం. మా మధ్య చుట్టరికం ఏమీ లేదు. బస్సులో అందరికీ ఆమె అక్కే. బీహార్, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లు కూడా దీదీ అనకుండా ఆమెను అక్క అనే పిలిచేవారు.

పటాన్‌చెరుకు దగ్గరి పల్లె వాళ్లది. జొన్నలు, కందులు పండించిన కుటుంబం. చుట్టూ కంపెనీలు లేచాక బోరు నీళ్ల రంగు మారింది, పొలం సాగు లేక పడావు పడింది, ఆ తర్వాత ముక్కముక్కగా అమ్ముడైంది. ఆమె భర్త ఒక గోదాములో రాత్రి కాపలాకు కుదిరాడు. ఆమె మా లైనులోకి వచ్చింది. ఒక్కతే కూతురు, సంగారెడ్డిలో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. పొలం గురించి అక్క ఎక్కువ మాట్లాడేది కాదు. ఒకసారి మాత్రం, "కందిపప్పు దుకాణంల కొనుడు మొదట్ల మస్తు సిగ్గనిపిచ్చింది చెల్లె. ఎవరన్న చూస్తరేమో అని కొంగు చాటుకు పెట్టుకొని తెచ్చిన" అంది.

నేను నగరంలోని బస్తీ నుంచి కొల్లూరు సర్కారు డబుల్ బెడ్‌రూం కాలనీకి వచ్చిన మనిషిని. ఇల్లయితే వచ్చింది కానీ పాత పని దూరమైంది. ఈ కంపెనీలో చేరిన కొత్తలో జీతం చేతికొచ్చిన వారానికే నా ముఖం వాడిపోయేది. అక్క అది గమనించింది. ఒక మధ్యాహ్నం నా టిఫిన్ డబ్బాలోకి తొంగి చూసి అడిగింది.

"బీరకాయ వండినవ్ మంచిగనే ఉంది. పొట్టు ఏం చేసినవ్?"

"పారేసిన అక్కా."

"పారేస్తవా? ఆ పొట్టే ఇంకో పూట కూర. నూనెల జెర గోలిచ్చి, నువ్వులు, పచ్చిమిర్చి, చింతపండు పెట్టి నూరు. రేపు తెచ్చి నాకు పెట్టు, చూస్త."

మరుసటి రోజు తెచ్చి పెట్టాను. వేలితో నాకి, "నువ్వులు మాడగొట్టినవ్" అంది. అలా మొదలైంది మా వంటల మార్పిడి. మా బస్తీలో పక్కింటి ముస్లిం పిన్ని, ఖాలా అని పిలిచేదాన్ని, నేర్పిన దాల్చా నేను చెప్పాను; పప్పు, సొరకాయ, మటన్ కలిపి వండేది. వారం తిరక్కుండానే వండి తెచ్చింది. అందులో మాంసం లేదు. సొరకాయ ముక్కలు మాత్రం పెద్దపెద్దవి ఉన్నాయి. "సొరకాయకు నువ్వే మటన్ అని చెప్పి ఉడకబెట్టిన. నమ్మింది" అని నవ్వింది. నిజంగానే అది మా ఖాలా చేసిన దానికంటే రుచిగా ఉంది.

సాయంత్రం బస్సు ఎక్కితే ఇవే ముచ్చట్లు. రోజంతా మిషన్ల చప్పుడులో నోరు మూసుకున్న ఆడవాళ్లం, ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టేవాళ్లం. ఏ దుకాణంలో ఏది అగ్గువ, ఏ నూనె కల్తీ, ఎవరింట్లో గ్యాస్ ఎన్నాళ్లొచ్చింది. ఒడిశా నుంచి వచ్చిన పిల్ల ఒకామె వాళ్ల ఊళ్లో అన్నం రాత్రి నీళ్లలో నానబెట్టి పొద్దున తింటారని హిందీలో చెబితే, అక్క తన వచ్చీరాని హిందీలో, "అరే, హమారా భీ వహీ హై. మా అవ్వ రోజు గదే తింటుండె" అని ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత ఆ పిల్ల ఎప్పుడూ అక్క వెనక సీట్లోనే కూర్చునేది.

అంగడికి పోవడానికి అక్క దగ్గర కొన్ని పద్ధతులు ఉండేవి. కడుపు నిండా తినిగాని పోవద్దనేది. "ఆకలితోని పోతే కండ్లు కొంటయి, చేతులు మోస్తయి" అనేది. పెద్ద దుకాణాల్లో తోపుడు బండి ముట్టుకోనిచ్చేది కాదు. "రెండు చేతులల్ల పట్టినంతనే తీసుకో. బండి ఉంటే అది నిండేదాక మనసు ఆగది." పొద్దుగూకే వేళ అంగడికి పోతే కూరగాయలు అగ్గువకు ఇస్తారని చెబుతూనే, ముసలివాళ్ల దగ్గర మాత్రం బేరం చేయొద్దని హెచ్చరించేది. "వాళ్లు మోసుకపోలేక ఇచ్చేస్తరు. అండ్ల మన తెలివి ఏమున్నది?"

ఆమె మాటలు విని నా ఇల్లు కొంచెం నిలదొక్కుకుంది. నెలాఖరున చేయి చాచడం మానేశాను. ఈ మాట ఆమె బతికి ఉన్నప్పుడే చెప్పాను. "ఇగ చాలు తియ్" అని కిటికీ వైపు తిరిగింది కానీ సంతోషపడిందని నాకు తెలుసు.

అయితే ఆ పొదుపు ఆమె ఇంట్లో అందరి మీదా ఒకేలా నడిచేది కాదు. కూతురు సెలవులకు వస్తే కోడికూర వండేది. భర్తకు రాత్రి డ్యూటీ కాబట్టి పాలు తప్పనిసరి. ఆమె మాత్రం కాళ్లకు ఒక జత చెప్పులతో ఏళ్లు గడిపింది. మేమంతా దాన్ని మెచ్చుకునేవాళ్లం. ఇప్పుడు మెచ్చుకోవడానికి నోరు రావడం లేదు.

ఒక దసరా సెలవులకు కూతురు ఇంటికి వచ్చినప్పుడు బీపీ మిషన్ వెంట తెచ్చింది. పరీక్షలకు చేతి అలవాటు కావాలని తల్లి చేతికే పట్టీ చుట్టింది. అంకె చూసి తప్పు చూశాననుకుని మళ్లీ చుట్టింది. మళ్లీ అంతే. అక్క మాత్రం, "నీ మిషన్ కొత్తది బిడ్డా, దానికింక పని చేతగాదు" అందట. బిడ్డ బలవంతంగా డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. రోజుకొక గోలీ రాశారు. ఉప్పు తగ్గించమన్నారు. బస్సులో ఇదంతా అక్క నవ్వుతూనే చెప్పింది.

కొన్నాళ్లకు, గ్యాస్ ఎలా ఆదా చేయాలన్న ముచ్చట నడుస్తుండగా, "నేనైతే బీపీ గోలీ గూడ కత్తెరతోని రెండు చేస్తున్న. నెల గోలీలు రెండు నెలలొస్తున్నయి" అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"గట్ల చేయొద్దక్కా. డాక్టర్ రోజుకొకటి రాసిండు గదా."

"రాసుడు ఆయన పని. కొనుడు నా పని."

"సర్కారు దవాఖానల ఉత్తగనే ఇస్తరు."

"ఇస్తరు. ఆడ లైన్ల నిలబడితే ఆ రోజు డ్యూటీ పోతది. కాంట్రాక్టరు మల్ల రానిస్తడా?" అని నా వైపు వంగింది. తర్వాత నాకు మాత్రమే వినపడేలా అంది. "పొద్దుగాల సంది కండ్ల ముందట గోలీలే పారుతయి చెల్లె. ఒక్కటి కొనాల్నంటే మాత్రం పాణం గుంజుతది."

నేను ఆమె కూతురికి ఫోన్ చేసి చెప్పేశాను. ఆ అమ్మాయి వాళ్ల ఊరి ఆశా కార్యకర్తతో మాట్లాడి, గోలీలు నెలనెలా ఇంటికే వచ్చేలా చేసింది. అక్కకు నా మీద కోపం వచ్చింది. "దానికి పరీక్షలున్నయి. దాని మనసు ఖరాబ్ చేస్తివి" అని, బస్సులో ముందు సీట్లోకి మారిపోయింది. లైనులో పక్కనే నిలబడినా పని మాట తప్ప మరో మాట లేదు. నేనూ పలకరించలేదు. చెప్పింది తప్పని నాకు అనిపించలేదు.

ఆ పంతం ముందు ఆమే వదిలింది. ఒక మధ్యాహ్నం నా ముందు డబ్బా మూత తీసి పెట్టింది. పచ్చిపులుసు. "ఉప్పు నామమాత్రం ఏసిన. ఎట్లున్నదో తిని చెప్పు." ఉల్లిగడ్డ నిప్పుల మీద కాల్చి, నువ్వుల పొడి, ఎండుమిర్చి చేత్తో నలిపి కలిపింది. ఉప్పు తగ్గిందన్న సంగతి నాలుకకు తెలియనే లేదు.

"గోలీలు ఏసుకుంటున్నవా?" అని అడిగాను.

"అబ్బ, ఒక్కటి గూడ ఖరాబ్ అయితలేదు తియ్. తిను."

నేను తిన్నాను. నమ్మాను కూడా.

ఆ ఎండాకాలం ఒక రోజు, ఫస్ట్ షిఫ్ట్ ముగించుకుని తిరిగి వస్తున్నాము. అక్క వెనక్కి తిరిగి ఒడియా పిల్లకు మామిడికాయ పప్పు ఎలా చేయాలో చెబుతోంది. పప్పు ఉడికాక ముక్కలు వేయాలని చెప్పింది. ఆ తర్వాతి మాట సరిగా రాలేదు. నాలుక మడతపడినట్టు ఏదో అంది. మళ్లీ అనబోయింది. ఆ పిల్ల, అక్క తన హిందీని వెక్కిరిస్తోందనుకుని నవ్వింది. అక్క ఒళ్లో ఉన్న డబ్బా జారి కింద పడింది. వంగి తీసుకోబోయింది కానీ కుడి చెయ్యి లేవలేదు. నా వైపు చూసింది. ముఖం ఒక పక్కకు వంగిపోయి ఉంది. ఆ చూపులో నొప్పి లేదు, భయం ఉంది. ఏం జరుగుతోందో ఆమెకు తెలిసిందనే అనుకుంటున్నాను.

డ్రైవర్ మధ్యలో ఎక్కడా ఆపలేదు. ఇస్నాపూర్‌లో దిగాల్సినవాళ్లు దిగుతామని అడగలేదు. లారీల మధ్య నుంచి, ఆపకుండా హారన్ కొడుతూ, బస్సును నేరుగా పటాన్‌చెరులో ఆసుపత్రి గేటు దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడి నుంచి నగరానికి పంపారు. సంగారెడ్డి నుంచి కూతురు హాస్టల్ బట్టల్లోనే వచ్చింది. తల్లి ముఖం చూడగానే ఆమెకు పక్షవాతమని అర్థమైంది. నన్ను వరండాలోకి పిలిచి అడిగింది.

"చిన్నమ్మా, అమ్మ గోలీలు ఏసుకుంటున్నదా?"

"ఏసుకుంటున్నది బిడ్డా. నాతోని చెప్పింది."

"మరి బీపీ గింత ఎట్ల పెరిగింది?"

అక్క కొన్ని వారాలు మాట లేకుండా అట్లాగే ఉంది. వారాంతంలో నేను పోయి కూర్చుంటే ఎడమ చేత్తో నా వేళ్లు పట్టుకుని వదిలేది కాదు. ఆ చేత్తోనే ఏదో సైగ చేయబోయేది. నాకు అర్థమయ్యేది కాదు. అంతకు మించి ఏమీ జరగలేదు. ఒక తెల్లవారుజామున అయిపోయింది.

దినాలు ముగిశాక ఒక ఆదివారం వాళ్ల ఇంటికి వెళ్లాను. ఆమె భర్త గడప మీద కూర్చుని ఉన్నాడు. నేను బావ అని పిలిచే ఆయన, పెద్దగా మాట్లాడే మనిషి కాదు. నన్ను చూసి లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. తనంతట తానే చెప్పాడు.

"చలికాలంల నేను గోదాముల తల తిరిగి పడ్డ. ఊర్లె ఆర్ఎంపీ చూసి, నాకు గూడ బీపీ ఉన్నదన్నడు. పెద్ద దవాఖానకు పోదమని మీ అక్క ఒక్కటే పోరు. నేనే పోలే. రాత్రి డ్యూటీ జేసి పొద్దున లైన్ల ఎవడు నిలబడుతడని. ఇగ అప్పటిసంది రోజు పొద్దుగాల నేను ఇంటికి రాంగనె, చేతిల అరగోలీ పెడుతుండె."

"అరగోలీనా బావా?"

"అవునమ్మా. ఆశమ్మ ఇద్దరికి ఇచ్చింది, ఇద్దరికి సరిపోతది అని మీ అక్కనే అన్నది. నాకు అరగోలీనే రాసిచ్చిన్రు గావచ్చు అనుకున్న. ఆమె గోలీనే రెండు చేసి నాకు పెట్టి, మిగిలిన అర్ధం ఆమె ఏసుకుంటున్నదని అప్పుడు నాకు ఎరుకలేదు."

గడప లోపల నిలబడి కూతురు వింటోంది. ఆమెకూ ఆ క్షణంలోనే తెలిసింది. ఏడవలేదు, తండ్రిని ఒక్క మాట అనలేదు. "బాపూ, రేపు నువ్వు నాతోని దవాఖానకు రావాలె. డ్యూటీ పోతే పోనీ" అంది. ఆయన తలూపాడు. ఆమె బిందె తీసుకుని నీళ్లకు వెళ్లింది. నల్లా దగ్గర బిందె నిండి పొర్లుతున్నా చాలాసేపు తిరిగి రాలేదు.

బీరకాయ పొట్టు నుంచి బీపీ గోలీ దాకా ఆమె దేన్నీ వృథా పోనివ్వలేదు. మా బస్సులో ఆడవాళ్లం ఆమె దగ్గర నేర్చుకున్నదంతా ఇప్పటికీ చేస్తున్నాం, రుణపడి ఉన్నాం. కానీ ఇప్పుడు బస్సులో ఎవరైనా ఆదా ముచ్చట ఎత్తితే, మొదట ఒకరి మందుల సంగతి ఒకరం అడుగుతున్నాం. అడగడంతోనే ఆగడం లేదు. వేసుకునేది ఎదురుగా చూస్తున్నాం. అక్క ఉంటే మమ్మల్ని చూసి నవ్వేది.

నేను లేచి వస్తానంటే బావ ఒప్పుకోలేదు. "చాయ్ తాగిపో అమ్మా. ఆమె ఉంటే ఉత్తగ పంపుతుండెనా?" అంటూ వంటింట్లోకి నడిచాడు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. గూట్లో ఒకే తీరు స్టీలు డబ్బాలు వరుసగా ఉన్నాయి. ఏ డబ్బా మీదా పేరు లేదు. ఆయన చాయ్‌పత్తి కోసం ఒకటి తీసి మూత విప్పి వాసన చూశాడు. ధనియాలు. మూత గట్టిగా పెట్టి, తీసిన చోటనే పెట్టాడు. ఇంకొకటి తీశాడు. పసుపు. మరొకటి తీసి వేలితో నాలుకకు రాసుకున్నాడు. "ఏది ఏందో ఆమెకే ఎరుక" అన్నాడు నా వైపు తిరగకుండా. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. తర్వాతి డబ్బాలో ఆమె కొట్టి పెట్టిన కారంపొడి ఉంది. దాన్ని ముక్కు దాకా తెచ్చుకున్నాడు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నా, ఆ డబ్బాను కిందికి దించకుండా అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.